అంచుల్లో అన్నీ లేతవే

ఏడున్నరకి వస్తానన్న పోలీసు వ్యాను ఎనిమిదైనా రాలేదు, వాగు ఒడ్డున జీపు ఆపుకుని నేనూ డ్రైవరు రూప్‌సింగూ కూర్చున్నాం, మా వెనక సీట్లో తడి గోనెల మధ్య టేకు మొక్కలు, వాటి వెనక ట్రాక్టరు మీద గొడ్డళ్లతో రంపాలతో గడ్డపారలతో పన్నెండు మంది కూలీలు, అందరికంటే వెనక ఇంకో జీపులో రేంజరు కళ్లు మూసుకుని రేడియో వింటున్నాడు, లేదా విన్నట్టు నటిస్తున్నాడు, ఎందుకంటే ములకలపల్లి దాటాక ఆ రేడియోకి గరగర తప్ప ఏమీ అందదు. వాగు అవతల ఎర్రమద్దిగుంపు. ముప్పై ఒక్క ఇళ్ల కోయగూడెం, నూట నలభై ఎకరాల పోడు. మధ్యాహ్నానికల్లా ఆ పోడు చుట్టూ కందకం తవ్వడం మొదలుపెట్టి లోపల ఈ మొక్కలు కొన్నైనా నాటాలి. నా సంతకం పడితే నాటుతారు. పడకపోతే ఏమవుతుందో ఆలోచించుకోవడానికి నాకు పదకొండు రోజులు దొరికాయి, ఆ పదకొండు రోజుల్నీ ఆలోచించకుండా ఉండటానికే వాడుకున్నాను. మొన్న పడ్డ వానకి నేల ఇంకా వాసన కొడుతోంది. మృగశిర వచ్చిందంటే వాళ్లు విత్తనం చల్లేసే ఉంటారు, జొన్నో సామలో, మట్టి కింద ఇప్పటికి పగిలి ఉంటుంది, ఇంకో వారం ఆలస్యమైతే మొలక పైకి కనపడుతుంది, కనపడితే తొక్కడానికి కూలీలు వెనకాడతారని రేంజరు నిన్న అన్నాడు, అందుకే ఈ పొద్దే, అందుకే ఇంత తొందర, తొందర పడీ పడీ చివరికి ఒక వ్యాను కోసం ఈ ఎదురుచూపులు.

నేను వెంకటనారాయణని, ఫోటోలు చదివే సారుని, ఇంకా టెంపరరీ, జూలైలో పర్మనెంటు కావచ్చంటున్నారు. అంతకుముందు నక్షత్రాల వయసులు కట్టేవాణ్ని. నవ్వుతారని ఎవరికీ చెప్పను గానీ ఆరేళ్లు అదే పని, ఒక కొండ మీది అబ్జర్వేటరీలో పగలంతా చీకటి గదిలో గాజు ప్లేట్ల మీద చుక్కలు లెక్కపెట్టి, స్కాలర్‌షిప్పు ఆగిపోయాక థీసిస్ ఆగిపోయి కొండ దిగాను. నడిబొడ్డు అందరూ చూస్తారయ్యా, నువ్వు అంచులు చూడు, అన్నాడు మా ప్రొఫెసరు. గెలాక్సీ అంటే పెనం మీద గరిటెతో తిప్పిన అట్టు లాంటిది, నడుమ మందం, అంచులకు పోయేకొద్దీ పలచన. నడుమ ముసలి నక్షత్రాలు ఎర్రబడి, చల్లబడి, కిక్కిరిసి ఉంటాయి. అంచుల్లో వాయువు ఎంత పలచనంటే అక్కడ నక్షత్రం పుట్టడమే గగనం, పుట్టినా ఆలస్యంగా పుడుతుంది, నిన్నమొన్న, అంటే మా లెక్కలో ఏ కోటి సంవత్సరాల కిందటో, నీలంగా, వేడిగా, ఉన్నదంతా ఒక్కసారే ఖర్చుపెట్టేసే కుర్రకారులాగా. రంగు చూసి వయసు చెప్పడం నా విద్య. చెప్పే ముందు ఇంకో పని ఉంటుంది, దారికి అడ్డం వచ్చిన చుక్కల్ని తుడవడం, ఎందుకంటే ఆ దూరపు గెలాక్సీని మనం చూసేది మన గెలాక్సీ లోపలి నుంచి, మన నక్షత్రాలే ముందుకొచ్చి నిలబడతాయి, కిటికీలోంచి దూరాన ఊరి దీపాలు చూస్తుంటే అద్దం మీది చినుకులు అడ్డం వచ్చినట్టు. విడిగా, గుండ్రంగా, ఎర్రగా కనపడ్డ ప్రతి చుక్కనీ తుడిచేసేవాణ్ని. ఎంత శుభ్రంగా తుడిచేవాణ్నో, మా ప్రొఫెసరు మిగతా వాళ్లకి నా ప్లేట్లు చూపించేవాడు. తుడిచాక మిగిలిన వెలుగు నీలం. అంచుల్లో అన్నీ లేతవే అని రాశాను, దాని మీద నా పేరుతో ఒక వ్యాసం కూడా అచ్చయింది, మా అమ్మ పద్మావతమ్మ దాన్ని పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది.

అవతలి ఒడ్డున ఎవరో వచ్చి నిలబడ్డారు. ఒక్కడే. పంచె, భుజాన గొడ్డలి, గొడ్డలి లేకుండా ఈ అడవిలో ఎవరూ ఇల్లు కదలరు కాబట్టి దానికేమీ అర్థం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. రూప్‌సింగు బీడీ పారేసి కాలితో నలిపాడు.

"సూస్తున్రు సార్ మనల్ని."

"చూడనీ."

"పొద్దుగాల సంది ఒక్క ఇంట్ల పొగ లెవ్వలే. పొయ్యి ముట్టియ్యలే ఎవ్వలు. నాకు గది మంచిగనిపిస్తలేదు."

నిజమే, గూడెం మీద ఎక్కడా పొగ లేదు, నేను ఇంతసేపూ అటే చూస్తున్నా నాకు తట్టలేదు, ఆకాశం మాత్రం బూడిద రంగులో వాగు మీదికి వంగి ఉంది. ఉన్నదాన్ని చూడటమే నా కంటికి అలవాటు, లేనిదాన్ని చూడటం దానికి ఎవరూ నేర్పలేదు. రూప్‌సింగు ఇల్లెందు దగ్గర తండా వాడు, వాడి మేనమామ పోడు కూడా ఇలాగే కందకంలో పోయిందట, దారిలో చెప్పాడు, చెప్పి జీపు మాత్రం చక్కగా గుంతలు తప్పించి నడిపాడు. ఉద్యోగం చేసేవాళ్లం అందరం గుంతలు తప్పించే నడుపుతాం.

ఈ పని నాకెలా తగులుకుందంటే, ఎనభై సంవత్సరం అక్టోబరుకి ముందు నరికిన పోడైతే సాగు చేసేవాడికి పట్టా, తర్వాత నరికిందైతే అది అడవే, మనుషుల్ని ఖాళీ చేయించాలి, ఎప్పటిదో తేలకపోతే కొత్తదిగానే చూడాలి. అలాగని కాగితం వచ్చింది. మరి ఏ పోడు ఎప్పటిదో ఎవరు చెప్పాలి? గూడెంలో కాగితాలుండవు. విమానంలోంచి ఫోటోలు తీయించారు, వాటిని చదవడానికి రంగు చూసి వయసు చెప్పేవాడొకడు కావాలి, అప్పటికి కొండ దిగి ఖమ్మంలో ట్యూషన్లు చెప్పుకుంటున్న నేను దొరికాను. ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అదే విద్య కదా, పైనుంచి కిందికి చూడటమే తేడా అనుకున్నాను. అది ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము, దాంట్లో పచ్చదనం ఎర్రగా పడుతుంది, లేత చిగురైతే మరీ ఎర్రగా, నిప్పుకణికలాగా. ఎర్రమద్దిగుంపు ఫోటో బల్ల మీద పరిచినప్పుడు చిక్కటి అడవి అంచున ముక్కలు ముక్కలుగా భగభగమంటున్న ఎరుపు. నిన్నమొన్న నరికిన చోటు, ఇంకా మోళ్ల నుంచి పిలకలు వస్తున్న చోటు. ఆ ఎరుపు నడుమ అక్కడక్కడా విడిగా, గుండ్రంగా, ముదురు చుక్కలు, ముప్పయ్యో నలభయ్యో. నా చెయ్యి ఆలోచించలేదు. ఆరేళ్ల అలవాటు. తుడిచేసింది. తుడిచాక కొలిచాను, పదేళ్లు మించి లేదు. ఎక్కడ గీత గీయాలో అక్కడ గీసి, ఎనభై ఆరు తర్వాతి పోడు అని రాసి, కింద పొడి అక్షరాలు పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది ఆ పని.

అవతల ఇప్పుడు ఏడుగురు. ఎప్పుడు వచ్చారో. అరవరు, చేతులు ఊపరు, రాళ్లు పట్టుకోరు, అలా నిలబడ్డారంతే. నడుమ ఉన్న ముసలాయన పగిడయ్య అనుకుంటా, గూడెం పెద్ద. మార్చిలో ఒక్కపూట వెళ్లాను అక్కడికి, ఫోటోలో చూసింది నేల మీద సరిచూసి రావాలని నియమం, జీపు పన్నెండింటికల్లా వెనక్కి ఇచ్చెయ్యాలి, అందుకని పరుగు పరుగున. ఇప్పపూలు రాలే రోజులు. పోడు చేల నడుమ చెట్ల కింద నేల ఊడ్చి, కాల్చి నున్నగా చేసి ఉంచారు, ఆడవాళ్లు తట్టలు పెట్టుకుని గొంతుక్కూర్చుని ఏరుకుంటున్నారు, ఆ తీపి వాసనకి నాకు తల తిరిగింది. పోడు కొట్టేటప్పుడు ఏ చెట్టునైనా నరుకుతారట, ఇప్పని మాత్రం ముట్టరట. ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది, ఇల్లు పంచుకున్నప్పుడు చెట్లు కూడా పంచుకుంటారట. జంపక్క అనే ఆవిడ, నలభై ఐదు దాటి ఉంటాయి, ఏరడం ఆపకుండానే తన చెట్టు గురించి చెప్పింది.

"ఇది మా అవ్వ చెట్టు సారూ. మా అవ్వ పెండ్లయి ఈడికి వచ్చిన్నాడు దీని కొన చేతికి అందుతుండెనంట. ఈ చేనే గప్పుడు కూడా. నాలుగేండ్లు దున్నకుండ ఇడిచిపెడ్తం, పిలకలు లేస్తయ్, మళ్ల కొడ్తం. మా నాయిన గట్లనే, మా తాత గట్లనే."

మీ అవ్వ ఉందా అన్నాను, నాయనమ్మ బతికుంటే వయసు అడిగి రాసుకుందామని. చేను గట్టున నిలబెట్టిన రాళ్ల వైపు గడ్డం ఎత్తి చూపించింది, చనిపోయినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో రాయి నిలబెట్టారు, మోకాలెత్తువి, నడుమెత్తువి, చాలా ఉన్నాయి. లెక్కపెట్టలేదు. నోటుబుక్కులో 'నోటిమాట' అని రాసి కింద గీత కొట్టాను. కొలవనిది రాయకు, ఇది మా ప్రొఫెసరు రోజూ చెప్పే మాట, కొలవనిది రాసినవాడు జాతకాలు చెప్పుకోవడం మేలు అనేవాడు, ఆ మాట నాకు ఎంత ఇష్టమంటే నా అంతట నేను కనిపెట్టినట్టు పదిమందికీ చెప్పేవాణ్ని. గడియారం చూసుకున్నాను, పదకొండున్నర. నాలుగేళ్లు విడిచి మళ్లీ కొడతామని ఆవిడ అంత విడమరిచి చెప్పింది. అంటే పైన కనపడే పిలక ఎప్పుడూ లేతదే, కింద చేను ఎంత పాతదైనా. కొత్త వెలుగు పాతదాన్ని మింగేస్తుంది, నాలుగు కుర్ర నక్షత్రాలుంటే చాలు, నాలుగు వేల ముసలి నక్షత్రాలు కంటికి ఆనవు. ఇది నాకు తెలియని సంగతా? దీని మీద పరీక్ష రాసి ఫస్టున పాసయ్యాను.

ఇవతల కూలీల్లో ఎవరో దగ్గాడు, ఎవరో గొడ్డలి అంచుని బండ మీద రాస్తున్నాడు, జర్రు జర్రుమని, ఆపమని రేంజరు కేకేశాడు, ఆగింది. ఆగాక మరీ భయమేసింది. వ్యాను రాకపోతే బాగుండును. పాల్వంచలో పంక్చరై, స్టెప్నీ లేక, అక్కడే ఉండిపోయి, ఈ పొద్దు గడిచి, రేపు ఇంకెవరో వచ్చి, ఇంకెవరో సంతకం పెట్టి. ఇలాంటి కోరికలు కోరుకునేవాళ్లని మా తాత చెంచురామయ్య చేతకానివాళ్లనేవాడు. మా తాత చేతనైనవాడు. కృష్ణ దాటి ఎడ్లబండి మీద వేంసూరు వచ్చినప్పుడు అక్కడంతా అడవేనట, మా ఇప్పటి మామిడితోట, మా బోరు, మా రెండంతస్తుల ఇల్లు ఉన్నచోటంతా అడవి, తాతా ఆయన తమ్ముళ్లూ రెండు ఎండాకాలాలు నరికారట, ఆ కథ చెప్పేటప్పుడు చేతులు చాపి మానుల లావు చూపించేవాడు. పట్వారీ వచ్చాడట ఒకరోజు. నాటుకోడి కూర, నెయ్యి, పెరుగు. భోజనం చేసి మంచం మీద నడుం వాల్చి, లేచి, ఇది పూర్వం నుంచీ సాగులో ఉన్న భూమి అని రాసి పోయాడట. అటు చేను వైపు తిరిగైనా చూడలేదట. తాత ఈ కథ నవ్వుతూ చెప్పేవాడు, మేమందరం నవ్వేవాళ్లం, నేను కూడా. ఆ ఒక్క వాక్యం మీద నేను చదువుకున్నాను, గెలాక్సీల దాకా పోయాను. ఎవడూ మా చేను ఫోటో తీయలేదు, మా చేను వయసు ఎవడూ అడగలేదు.

ఇంక రాందాస్ ఉత్తరం. నాతో పాటు ఆ చీకటి గదిలో పనిచేసినవాడు, కొత్తగూడెం వాడు, ఇంకా ఆ కొండ మీదే ఉన్నాడు, నాలుగు నెలలకోసారి నవ్వుతూ రాస్తాడు. పదకొండు రోజుల కిందట వచ్చింది. ఒరే వెంకీ, నువ్వు తుడిచేసిన చుక్కలు గుర్తున్నాయా, కొత్త కెమెరాతో అదే గెలాక్సీని మళ్లీ తీశాం, వాటిలో సగం మన నక్షత్రాలు కావురా, ఆ గెలాక్సీవే, అంచుల్లో ఉన్న ముసలి గుంపులు, ఒక్కోదాంట్లో లక్ష నక్షత్రాలు, దూరం వల్ల ఒక్క చుక్కలా కనపడ్డాయి, ఆ గెలాక్సీ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి, నువ్వు ఇంటి పెద్దల్ని తుడిచేసి ఇంట్లో అంతా పిల్లలే అని రాశావు. చదివి నేను కూడా నవ్వాను. టీ గ్లాసు చేతిలో ఉంది. గ్లాసు కింద పెట్టి బీరువా తీసి, తుడవని మొదటి ఫోటో తీసి, భూతద్దం పెట్టి చూశాను. చుక్కలు. చుక్కల పక్కన నీడలు. ఇప్పచెట్లు. అడవిలో, గుంపులో పెరిగిన చెట్టు వెలుగు కోసం నిటారుగా పోతుంది, కింద కొమ్మలుండవు. ఇవి అడ్డంగా, గొడుగులాగా, నేలకి అందేంత కిందినుంచే విచ్చుకున్నవి, అంటే ఆ చెట్టు మొక్కగా ఉన్నప్పుడే దాని చుట్టూ ఖాళీ ఉంది, అంటే అప్పటికే అది చేను. జంపక్క అదే చెప్పింది. మర్నాడు ఆఫీసులో చెబుదామనుకున్నాను. మర్నాడు పర్మనెంటు లిస్టు గురించి మాట్లాడుకుంటున్నారు, తప్పులు లేని పని చూసి ఇస్తారట. ఆ మర్నాడు ఆదివారం. తర్వాత ఏదో. అలా పదకొండు రోజులు. నేను పిరికివాణ్ని, ఈ మాట ఇంకెవరైనా అంటే కొడతానేమో గానీ, వాగు ఒడ్డున కూర్చుని నాకు నేను అనుకోవడానికి ఏం, పిరికివాణ్నే.

వ్యాను వచ్చింది. రంగు ముందు చెట్ల మధ్య కదిలింది, తర్వాత మోత వినపడింది, తర్వాత లాఠీలు, పదిహేను మంది, వాళ్లకీ నిద్ర చాలలేదు. రేంజరు రేడియో కట్టేసి దిగాడు. అవతలి ఒడ్డు మీద ఇప్పుడు గూడెమంతా ఉంది, పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్లు, ముసలివాళ్లు, అందరూ. జీపు వాగులో దిగుతుంటే నీళ్లు నా పాదాల దాకా వచ్చి పోయాయి, చల్లగా. ఒడ్డెక్కేటప్పుడు వాళ్లు రెండుగా చీలి దారిచ్చారు. తిట్టినా బాగుండేది. దారిచ్చారు. మొదటి చేను దగ్గర రేంజరు జీపు బానెట్ మీద పంచనామా కాగితం పరిచాడు, పోడు వయసు అని ఉన్నచోట ఖాళీ, దాని కింద నా పేరు. అప్పుడు చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, తప్పు చదివానండీ, ఇది పాత పోడు, ఈ చెట్లు చూడండి, అన్నాను. లోపల ఏదో దిగిపోయింది, ఆ ఒక్క నిమిషం నా అంత మంచివాడు లేడనిపించింది.

రేంజరు చెట్ల వైపు చూశాడు. చెడ్డవాడు కాడు. రిటైర్మెంటుకి రెండేళ్లున్నవాడు.

"గిప్పుడా సార్ చెప్పేది? సరే, చెప్పిన్రు. ఎన్నేండ్లదో అంకె చెప్పున్రి, నేను రాస్త. ఎనభైకి ముందుదైతె వ్యాను నేనే మళ్లిస్త, నాకేం సరదానా."

అంకె. ఆ మాట వినగానే మళ్లీ నేను నేనైపోయాను. జంపక్క అవ్వ పెళ్లి ఎప్పుడు, చెట్టు కొన చేతికి అందేది అంటే ఎంత ఎత్తు, ఆ ఎత్తు పెరగడానికి ఎన్నేళ్లు, అన్నీ ఉజ్జాయింపులు. అంకె కావాలంటే కొలవాలి. కొలవడానికి ఏముంది? మానుని అడ్డంగా కోస్తే లోపల ఏడాదికో వలయం ఉంటుంది, లెక్కపెడితే అంకె. పుస్తకంలో బొమ్మ కూడా గుర్తుంది. ఒక్క చెట్టు కోస్తే తేలిపోతుందండీ, అన్నాను. నా నోటితో నేనే అన్నాను. పగిడయ్య ముందుకొచ్చి, ఇప్పని కొయ్యం సారూ, మా తాతలు కూడ కొయ్యలే, అన్నాడు, కోపంగా కాదు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. నేను ఆయనకి వివరించాను. ఎంత ఓపికగా వివరించానో, పిల్లలకి పాఠం చెప్పినట్టు. ఒక్క చెట్టు పోతుంది, నూట నలభై ఎకరాలు ఉంటాయి. వాళ్లు వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు, ఒక ఆడమనిషి ఏడ్చింది, జంపక్క ఏడవలేదు. తన చెట్టు దగ్గరికి పోయి అరచెయ్యి దాని మీద పెట్టి కాసేపు ఉండి, పక్కకి జరిగింది.

"కొయ్యిన్రి. నాదే కొయ్యిన్రి. ఎన్నేండ్లదో సారు చూసి చెప్తడు."

ఇద్దరు కూలీలు రంపం పట్టారు. ముప్పావు గంట పట్టింది, బెరడు నుంచి పాలు కారి రంపం జిగురు పట్టి ఆగుతూ ఆగుతూ కోసింది, చివరికి చెట్టు ఒరగడం కనపడలేదు నాకు, కనపడేలోపే నేల అదిరింది, కొమ్మల్లోని పిట్టలు లేచి అటూ ఇటూ తిరిగి, వాలడానికి చోటు లేక వాగు మీదుగా పోయాయి. మొద్దు ముందు మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి భూతద్దం తీశాను. ఎర్రమన్ను రంగులో, తడిగా, నున్నగా ఉంది. వలయాలు లేవు. నీళ్లు పోసి తుడిచి చూశాను. చాకుతో గీకి చూశాను. బెరడు దగ్గర, నడుమ, ఇంకోవైపు. ఒకే రంగు, ఒకే నునుపు, అంచు నుంచి నడిబొడ్డు దాకా ఎక్కడా ఒక్క గీత లేదు.

రంపం పట్టిన కూలీ చెమట తుడుచుకుంటూ వంగి చూశాడు. "ఇప్పకు గీతలు కనవడయ్ సార్. టేకుకైతె కనవడ్తయ్."

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు అడగలే సార్."

అడగలేదు. ఎవరినీ ఏదీ అడగలేదు నేను, రాళ్లు ఎన్నో అడగలేదు, అవ్వ పేరేంటో అడగలేదు. రేంజరు ప్యాడు తెచ్చి ఖాళీ ఉన్నచోట వేలు పెట్టి, గొంతు తగ్గించి, "మీరేది రాస్తె అది సార్. నేను అడ్డం రాను," అన్నాడు, అని మొహం పక్కకి తిప్పుకున్నాడు కూడా, ఆ మాత్రం సాయం చేశాడు. డెబ్బై ఏళ్లు అని రాస్తే అయిపోతుంది. రెండంకెలు. పట్వారీ అటు తిరిగి చూడకుండా రాశాడు, అబద్ధం రాశాడు, మా ఇల్లు నిలబడింది. నేను రాస్తే అబద్ధం కూడా కాదు, ఆ మొద్దు లావు చూసిన ఎవడికైనా తెలుస్తుంది, నాకు తెలుసు, నా ఒంటికి మొత్తం తెలుసు డెబ్బై అని. పెన్ను కాగితం మీద ఆనించాను. కొలిచావా అంది లోపల ఒక గొంతు, పై అధికారి అడిగితే ఏది చూపిస్తావు అంది, జూలై అంది, ఆ గొంతు మా ప్రొఫెసరుది అని చెప్పుకోవాలని ఉంది గానీ కాదు, నాదే. చెయ్యి రాయడం మొదలుపెట్టింది, చక్కటి దస్తూరి, చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకునేది. లభ్యమైన ఆధారాలతో ఈ పోడు వయసు నిర్ధారించడం సాధ్యపడలేదు. సంతకం. తేదీ. తేలకపోతే కొత్తదే, అది నాకూ రేంజరుకీ తెలుసు, అక్కడ ఇంకెవరికీ తెలియదు.

జంపక్క దగ్గరికొచ్చి నా భుజం పక్క నుంచి కాగితంలోకి చూసింది. ఆవిడకి చదువు రాదు. వరస చివరి దాకా నిండిన అక్షరాల వెంట కళ్లు తిప్పి, వెనక్కి తిరిగి, ముందు వాళ్ల భాషలో, తర్వాత కూలీలకి కూడా అర్థం కావాలని తెలుగులో గట్టిగా చెప్పింది.

"రాసిండు! సారు రాసిండే! మన చెట్టును చూసి గింత పొడుగు రాసిండు!"

గూడెం మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. పిల్లల్ని కిందికి దించారు. పొయ్యిలు ముట్టియ్యడానికి కాబోలు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఇళ్ల వైపు నడిచారు. పగిడయ్య సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి రెండు చేతులతో నాకిచ్చాడు. దాహంగా ఉంది, తాగాను. నేను తాగడం అయ్యేదాకా ఆగి, రేంజరు ట్రాక్టరు వాడికి చేనులోకి దింపమని చెయ్యి ఊపాడు.